కృత్రిమ తోకచుక్కను ఫొటో తీసేముందు జాగ్రత్తలు

1984 డిసెంబర్ 27న జర్మనీ ఉపగ్రహం ఐఆర్‌ఎమ్ సుమారు 1.1 లక్షల కి.మీ. ఎత్తున పసిఫిక్ మీద బేరియం అనే లోహపు ఆవిరి వదిలి, కృత్రిమ తోకచుక్కను సృష్టించింది. అలాంటి ప్రయోగానికి సిద్ధమయ్యేవాళ్లకు:

- చంద్రుడు, ఊరి దీపాలు లేని చోటు ఎంచుకోండి.

- గడియారాన్ని రేడియో టైమ్ సిగ్నల్‌తో సరిచూసుకోండి. ఎండ తగిలిన బేరియం అర నిమిషంలోనే అయాన్లుగా (విద్యుదావేశం ఉన్న పరమాణువులుగా) మారుతుంది, మొత్తం దృశ్యం కొన్ని నిమిషాలే. ఆలస్యమైతే మిగిలేది ఖాళీ ఆకాశమే.

- ప్రయోగం వాయిదా పడొచ్చు. తర్వాతి రాత్రులకూ ఫిల్మ్ ఉంచుకోండి.

- 50 ఎం.ఎం. లెన్స్, ఎఫ్/2 లేదా అంతకన్నా వెడల్పు. ఫోకస్ ముందే నక్షత్రం మీద సరిచేసి, రింగు కదలకుండా టేపు వేయండి. ట్రాకింగ్ (నక్షత్రాలతో పాటు కెమెరా తిరిగే ఏర్పాటు) లేకపోతే ఎక్స్‌పోజర్ 10 సెకన్లు దాటొద్దు, నక్షత్రాలు గీతలవుతాయి.

- పసుపు ఫిల్టర్ తీసేయండి. అయాన్ల ఊదా వెలుగు 455 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, దాన్నే అది ఆపేస్తుంది.

- మంచు పడితే లెన్స్ మసకబారుతుంది, హుడ్ తప్పనిసరి.