పాత కారు కింద ఉన్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఏదో తేల్చుకోవడం ఎలా?

పాత అమెరికన్ కార్లలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ రిపేర్ ఎక్కువగా చెడిపోయేది పాన ఆడించే దగ్గర కాదు, పార్ట్స్ ఆర్డర్ పెట్టే దగ్గర. కాగితాల్లో రాసింది, కారు కింద బిగించి ఉన్నది ఒకటేనని నమ్మేస్తాం. యాభై అరవై ఏళ్ల కారులో ఇంజన్, గేర్‌బాక్స్ ఎన్నిసార్లు మారాయో ఎవరికీ లెక్క ఉండదు. అందుకే రిజిస్ట్రేషన్, మాన్యువల్, అమ్మినాయన మాట, ఈ మూడూ పక్కన పెట్టి కారు కిందికి దూరండి. ముందుగా చక్రాలకు అడ్డు పెట్టి, జాకీ మీద కాకుండా స్టాండ్ల మీద కారును నిలబెట్టాకే సుమా.

సమస్య: కొత్త పాన్ గ్యాస్కెట్ కూర్చోవడం లేదు

పాన్ అంటే గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తట్ట, గ్యాస్కెట్ అంటే దాని అంచున ఆయిల్ కారకుండా పెట్టే పల్చటి పట్టీ. కూర్చోకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే. మీరు కొన్నది వేరే గేర్‌బాక్స్‌ది. పాన్ మీద మడ్డిని వైర్ బ్రష్‌తో గీకి, తుడిచి, చుట్టూ బోల్టులు లెక్కపెట్టండి. ఎక్కడ మొదలుపెట్టారో చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకోకపోతే ఒకటి అటూ ఇటూ అవుతుంది. ఆ ఒక్కటే మొత్తం తేడా తెస్తుంది.

జీఎం (జనరల్ మోటార్స్) కార్లలో 13 బోల్టులు వస్తే పని ఇంకా అయిపోలేదు. 1964లో వచ్చిన టర్బో 400 గేర్‌బాక్స్‌కీ, 1969లో వచ్చిన టర్బో 350కీ పదమూడే. ఇక్కడ ఆకారం చూడాలి. 350 పాన్ దాదాపు చతురస్రం, ఒక మూల మాత్రం కోసేసినట్టు ఉంటుంది. 400 పాన్ పొడుగ్గా, వంకర టింకరగా, ఏ ఆకారమూ కాకుండా ఉంటుంది. 14 బోల్టులుంటే రెండు గేర్ల పవర్‌గ్లైడ్ కావచ్చు. 16 ఉంటే 1980ల్లో వచ్చిన నాలుగు గేర్ల 700ఆర్4 గానీ, 200-4ఆర్ గానీ. 1960ల కారులో అది కనిపించిందంటే తర్వాత ఎవరో మార్చారన్నమాట.

ఫోర్డ్‌లో లెక్క సులువు: సీ4 గేర్‌బాక్స్‌కు 11, సీ6కు 17. బెల్ హౌసింగ్ (ఇంజన్‌కు బిగించే గంట ఆకారపు భాగం) కూడా సాక్ష్యం చెబుతుంది. సీ4కి అది విడిగా బోల్టులతో బిగించి ఉంటుంది, సీ6కి గేర్‌బాక్స్ కేసుతో (బయటి ఒంటితో) కలిపి ఒకే పోత. కేసు మీద అయస్కాంతం అతుక్కుంటే అది ఇనుము, అంటే ఫోర్డ్ వారిదే ఎఫ్‌ఎంఎక్స్ గేర్‌బాక్స్ గానీ అంతకంటే పాతది గానీ అయి ఉండొచ్చు. కేసు పక్కన ఉండే సర్వో మూత (కవర్) బోల్టు కింద ఒక చిన్న లోహపు ట్యాగ్ ఉండాలి. ఉంటే మీ అదృష్టం, చాలా వాటికి ఎప్పుడో ఊడిపోయింది.

క్రైస్లర్ గేర్‌బాక్స్ అయిన టార్క్‌ఫ్లైట్‌లో పెద్దదైన 727కీ, చిన్నదైన 904కీ రెండింటికీ 14 బోల్టులే. లెక్కతో పని జరగదు. ఎడమ వైపు (కారు ముందుకు చూస్తే), పాన్ ఆనే అంచు మీద కేసులోనే అచ్చుకొట్టిన నంబర్ ఉంటుంది. మడ్డి తుడిచి, టార్చ్ పక్క నుంచి వేసి చదవండి. ఎదురుగా వేస్తే అంకెలు కనపడవు. అందులోని ఏడంకెల పార్ట్ నంబర్‌ను పట్టుకుని కొనండి.

సమస్య: కిక్‌డౌన్ పనిచేయడం లేదు, కేబుల్ ఎక్కడుందో కూడా తెలియడం లేదు

కిక్‌డౌన్ అంటే ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే గేర్ దానంతటదే కిందికి మారడం. నా మటుకు నాకు ఇదే అసలైన గుర్తింపు పరీక్ష. గేర్‌బాక్స్‌ను ఆక్సిలరేటర్ ఎలా పలకరిస్తోందో చూస్తే పేరు దానంతటదే బయటపడుతుంది.

టర్బో 400లో కిక్‌డౌన్ కరెంటుతో నడుస్తుంది. కేసు ఎడమ వైపు ఒక వైరు ప్లగ్ ఉంటుంది, కేబుల్ వెతికితే దొరకదు. యాక్సిలరేటర్ దగ్గరి స్విచ్, ఫ్యూజ్, ఆ ప్లగ్, ఈ మూడూ టెస్ట్ లైట్‌తో చూస్తే చాలాసార్లు పని అయిపోతుంది. టర్బో 350లో కార్బ్యురేటర్ నుంచి కేబుల్ కుడి వైపుకు వస్తుంది. అది తెగితే కిక్‌డౌన్ పోతుంది, అంతే. బండి నడుస్తుంది.

అసలు టెన్షన్ ఇక్కడే. 700ఆర్4లోనూ అచ్చం అలాంటి కేబులే కనిపిస్తుంది, కానీ దాని పని వేరు. లోపలి ఆయిల్ ప్రెషర్‌ను ఆ కేబులే నిర్ణయిస్తుంది. 350 అనుకుని "కిక్‌డౌనే కదా, తర్వాత చూద్దాం" అని దాన్ని వదిలేసి తిప్పితే క్లచ్‌లు కాలిపోతాయి. ఫోర్డ్ ఏఓడీ గేర్‌బాక్స్ రాడ్‌కూ ఇదే కథ, టార్క్‌ఫ్లైట్ లింకేజ్‌కూ ఇదే కథ. కాబట్టి కేబుల్ గానీ రాడ్ గానీ ఊడి ఉండి, అది ఏ గేర్‌బాక్సో తేలలేదంటే బండి కదపకండి. పాన్ బోల్టులు లెక్కపెట్టి, పేరు తేల్చుకుని, దాని పద్ధతిలో సర్దుబాటు చేశాకే స్టార్ట్ చేయండి.

సమస్య: కింద చుక్క పడటం లేదు, ఆయిల్ తగ్గుతోంది, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ

ఇంజన్ హెడ్ గ్యాస్కెట్ పోయిందని కంగారు పడేముందు వాక్యూమ్ మాడ్యులేటర్ చూడండి. గేర్‌బాక్స్ నుంచి ఇంజన్‌లోకి గాలి వెళ్లే మేనిఫోల్డ్ వైపు సన్నని గొట్టం తగిలించి ఉన్న గుండ్రటి డబ్బా అది. లోపలి డయాఫ్రమ్ చిరిగితే ఇంజన్ ఆ దారిలో ఆయిల్ తాగేస్తుంది. గొట్టం తీసి, దూదిగానీ పుల్లగానీ పెట్టి తిప్పండి. లోపల తడి తగిలితే మాడ్యులేటర్ మార్చడమే. టర్బో 350, 400, సీ4, సీ6లకు ఇది ఉంటుంది. టార్క్‌ఫ్లైట్‌కు ఉండదు. అంటే అది కనిపించిందంటే, మీ కారు కింద ఉన్నది టార్క్‌ఫ్లైట్ కాదని కూడా తేలిపోయినట్టే.

సమస్య: గేర్ లివర్ దగ్గర కింది గేరుకు ఒక్క "ఎల్" (లో) గుర్తు మాత్రమే, కానీ గేర్లు మూడు మారుతున్నాయి

జీఎం కారైతే పవర్‌గ్లైడ్ తీసేసి టర్బో 350 వేసి ఉండొచ్చు. చిన్న తోకతో (వెనక భాగంతో) ఉన్న 350 పొడవు పవర్‌గ్లైడ్‌కు దాదాపు సరిపోతుంది కాబట్టి ఈ మార్పు అంటే మెకానిక్‌లకు చాలా ఇష్టం. లివర్ మాత్రం పాతదే వదిలేస్తారు. పార్క్, న్యూట్రల్, రెండు కింది గేర్లు ఎక్కడెక్కడ పడుతున్నాయో చూసి లింకేజ్ సరిచేయాలి. లేకపోతే పార్క్‌లో ఉందనుకున్నది పూర్తిగా పట్టుకోకపోవచ్చు. ముఖ్యమైన సంగతి: అలాంటి బండిని వాలు మీద హ్యాండ్ బ్రేక్ లేకుండా వదలకండి.

సమస్య: ఆయిల్ పోసిన ప్రతిసారీ లెవెల్ తప్పు చూపిస్తోంది

చూసే పద్ధతి గేర్‌బాక్స్‌ను బట్టి మారుతుంది. ఇంజన్ వేడెక్కి నడుస్తుండగా జీఎం, ఫోర్డ్ వాటిని పార్క్‌లో చూస్తారు, టార్క్‌ఫ్లైట్‌ను న్యూట్రల్‌లో. పాత టార్క్‌ఫ్లైట్‌లు పార్క్‌లో కన్వర్టర్‌కు (ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో ఆయిల్ ద్వారా కలిపే భాగానికి) ఆయిల్ పంపవు, అందుకే అక్కడ చూస్తే లెవెల్ మోసం చేస్తుంది.

ఏ ఆయిల్ అన్నది కూడా పేరు తేలాకే. 1970ల మధ్య దాకా వచ్చిన ఫోర్డ్ గేర్‌బాక్స్‌లకు టైప్ ఎఫ్, జీఎం వాటికి డెక్స్‌రాన్ తరగతిది. రెండూ ఎర్రగానే ఉంటాయి, రంగు చూసి ఏమీ చెప్పలేం. లోపల ఏది పోసి ఉందో తెలియనప్పుడు పైన ఒక లీటరు కలిపే బదులు పాన్ దించి, ఫిల్టర్ మార్చి, కొత్తగా నింపడమే మేలు. ఎలాగూ దించుతున్నారు కనుక పాత గ్యాస్కెట్‌ను ఒక కాగితం మీద పరిచి, పెన్సిల్‌తో అచ్చు గీసి, షాపుకు అదే తీసుకెళ్లండి.