థైరాయిడ్ ఉన్నోళ్లకి జుట్టు ఊడుతుంటే ముందు ఏం చూసుకోవాలి

థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటున్నా దువ్వెన నిండా జుట్టు వస్తాంటే భయమేస్తుంది, నిజమే, కానీ షాంపూ మార్చేముందు క్యాలెండర్ చూడండి. హార్మోన్ తేడా వచ్చిన 2, 3 నెలలకి గానీ ఊడటం బయటపడదు, కాబట్టి ఈ వారం ఏం తిన్నామని కాదు, అప్పుడు డోస్ మారిందా, గట్టి జ్వరమొచ్చిందా, కాన్పయిందా అని గుర్తుచేసుకోండి.

తలంతా పలచబడిందా, రూపాయి బిళ్లంత గుండ్రంగా ఒకచోటే పోయిందా చూడండి, రెండోదైతే స్కిన్ డాక్టర్‌కి చూపించాలి. కనుబొమ్మల బయటి కొసలు పలచబడినా చెప్పండి.

మాత్ర పరగడుపున నీళ్లతోనే, కాఫీకి అరగంట నుంచి గంట ముందు. లేవగానే కాఫీ పడాలి మనకి, అక్కడే తప్పుతుంది. ఐరన్, కాల్షియం మాత్రలకి 4 గంటల గ్యాప్.

థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్‌తోపాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూపేది), హిమోగ్లోబిన్ కూడా అవసరమా అని అడగండి, తిరుపతిలో రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్ ఆసుపత్రిలోనో మీరు చూపించుకునే చోటే. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ మాత్ర వాడుతుంటే డాక్టర్‌కి చెప్పి టెస్టుకి కనీసం 2 రోజుల ముందు ఆపండి, లేకపోతే రిపోర్ట్ తప్పుగా రావచ్చు. డోస్ మారిస్తే 6 నుంచి 8 వారాలకి మళ్లీ టెస్ట్.

తిరుమల కొండపైన గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందంటారు. మొక్కుంటే సంతోషంగా ఇవ్వండి, కానీ కుదుళ్లు చర్మం లోపలుంటాయి, కత్తి వాటిని మార్చదు. టీఎస్‌హెచ్ సరైనాక కూడా కొత్త జుట్టు కనపడటానికి నెలలు పడుతుంది, ఈలోగా మాత్ర మీ అంతట మీరు పెంచొద్దు, ఎక్కువైనా జుట్టు ఊడుతుంది.