ఎండలు ముదిరేలోగా పుంజును రేకుల కింద నుంచి తీయండి

మొన్న ధర్మవరం పక్క పల్లె నుంచి తెలిసినాయన ఫోన్ చేశాడు. "అన్నా, గుడ్లు పొదిగే మెషీన్ మోసం చేసింది." నూటిరవై నాటుకోడి గుడ్లు పెడితే పదకొండు పిల్లలు దిగినాయంట. పోయి మిగిలిన గుడ్లు తట్టలో పగలగొట్టి చూసినాం. పిల్ల కట్టి లోపల చచ్చినవి నాలుగో ఐదో. తక్కినవాటిలో సొన సొనగానే ఉంది, ఒక్క నెత్తురు గీత లేదు. అంటే బీజమే పడలేదు. మెషీన్ ఏం చేస్తుంది పాపం?

"పుంజుకేమన్నా! మబ్బుతోనే కూస్తాది, పెట్టల్ని వదలదు" అన్నాడు. నిజమే, దిట్టంగా ఉంది. కానీ కట్టేసిన చోటు చూడండి: రేకుల షెడ్డులో మూల గుంజకు, రెండు మూరల తాడుతో. మధ్యాహ్నం ఆ మూలలో నేనే ఐదు నిమిషాలు నిలబడలేకపోయినా.

ఇరవై ఏళ్లుగా అనంతపురం, కడప పల్లెల్లో కోళ్లు పెంచేవాళ్లను ముంచిన తప్పు ఇదొక్కటే. పుంజును ఎవరూ ఎత్తుకుపోకుండా రేకుల కింద కడతారు, లేకుంటే గంప కింద బోర్లిస్తారు. పెట్టలు చెట్టు నీడ వెతుక్కుంటాయి, ఇది మాత్రం ఉన్నచోటే ఉడుకుతుంది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడం, రెక్కలు దూరంగా పెట్టుకోవడం, తురాయి గుండా వేడి వదలడం, అంతే దానికున్న దారులు. దాని వృషణాలు కడుపు లోపల, వెన్నును ఆనుకొని ఉంటాయి. ఒళ్లు మామూలుగానే 41 డిగ్రీలు. ఇంక పైన రేకు కాగితే వీర్యం పలచబడుతుంది, కణాల్లో చురుకు పోతుంది. చూడటానికి పుంజు బాగుంటుంది. కూస్తుంది, తొక్కుతుంది. బీజం మాత్రం ఉండదు.

దీన్ని ఎవరూ కనిపెట్టలేకపోవడానికీ కారణముంది. ఒకసారి తొక్కితే పెట్ట ఆ వీర్యాన్ని లోపల దాచుకొని వారం పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, బీజం ఉన్న గుడ్లు పెడుతుంది. కాబట్టి పుంజు ఈ వారం ఉడికితే ఈ వారం గుడ్లు బాగానే ఉంటాయి. తేడా తర్వాత కనిపిస్తుంది. అప్పటికి ఆ మంట మనం మర్చిపోయి ఉంటాం, మెషీన్ వాణ్నో కరెంటునో తిడతాం. నీడకు మార్చినా వెంటనే బాగుపడదు, కొత్త వీర్యం తయారు కావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. మార్చి ఎండలకే ఇట్లయితే, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఏముంటుందో మీరే లెక్కేసుకోండి.

అందుకే ముందు చోటు మార్చండి. కానుగ చెట్టో వేప చెట్టో ఉంటే దాని కింద. లేదంటే రేకు మీద బోద గడ్డి మందంగా పరిచి, పడమటి పక్క గోతం పట్టలు కట్టి తడుపుతూ ఉండండి. మన దగ్గర గాలి పొడి, తడి పట్ట బాగా పనిచేస్తుంది. గాలి ఆడని మూసిన షెడ్డులో నీళ్లు చల్లితే మాత్రం ఉక్క పెరిగి ఇంకా చెడుతుంది. మేడ మీద ట్యాంకు నీళ్లు మిట్టమధ్యాహ్నం పొయ్యి మీద పెట్టినట్టుంటాయి, అవి పోయొద్దు. మట్టి చిప్పలో కుండ నీళ్లు, నీడలో, పూటకు రెండుసార్లు మార్చి.

మేత తెల్లవారుజామున, మళ్లీ పొద్దు వాలినాక. నడిమధ్యాహ్నం తింటే అరుగుదల వేడి కూడా దానికి తోడవుతుంది. మనకు చెనిక్కాయ చెక్క చవక, నిజమే. ముక్కిన వాసనొస్తేనో బూజు కనిపిస్తేనో పారేయండి. ఎండబెట్టినా ఆ బూజు విషం పోదు. ఆదోని వైపు వాళ్లకు పత్తి గింజల చెక్క దొరుకుతుంది. దాంట్లో ఉండే గాసిపాల్ మగజాతి బీజాన్ని చెడగొడుతుంది, పుంజుకు వద్దు. లేయర్ దాణాలో సున్నం ఎక్కువ, అది గుడ్డు పెట్టే పెట్టల కోసం. పుంజుకు వేరే గిన్నె పెట్టండి.

గుడ్లు ఇంట్లో వారానికి మించి దాచొద్దు. వేడి గదిలో బీజం సగం మొదలై చస్తుంది, ఆ నింద మళ్లీ పుంజు మీదికి పోతుంది.

వారానికి ఐదారు తాజా గుడ్లు తెల్ల పళ్లెంలో పగలగొట్టి చూడండి. సొన మీది చుక్క చిన్నగా, ముద్దగా, అంచు చెదిరి ఉంటే బీజం లేదు. ఉంగరంలా గుండ్రంగా ఉంటే ఉంది. చూసినాక ఆమ్లెట్టు వేసుకోండి, నష్టమేం లేదు.

మెషీన్‌లో ఏడో రోజు లైటు పెట్టి చూడాలి. ఖాళీవి తీసేయాలి.

పుంజుకు పది పెట్టలు చాలు.

ఒకే తల్లి పిల్లల్ని జత కట్టొద్దు.

బాగా కొవ్వెక్కిన పుంజు, కాలికి పుండున్న పుంజు పెట్ట మీద నిలబడలేదు. పట్టుకొని చూడండి.

రాణిఖేత్ (కొక్కెర తెగులు) టీకా చల్లపూటే.

చేత్తో వీర్యం తీసి ఎక్కించేవాళ్లు సాయంత్రం చేయండి, అరగంటలో ముగించండి. చుక్క నీళ్లు కలిసినా ఆ వీర్యం వాడొద్దు. ముత్యపు రంగులో చిక్కగా ఉండాలి. నీళ్లలా ఉంటే ఆ పుంజును ఎక్కడ కట్టారో చూడండి.

రేకుల కింద కట్టొద్దు. గంప కింద ఎండలో బోర్లించొద్దు. సాయంత్రం నీడ పడుతుందిలే అని పొద్దున్న కట్టి పొలం పోవద్దు. అడిగితే అందరూ చెప్పేది ఆ "నీడ పడుతుందిలే" మాటే.

కొత్త పుంజు తెస్తే పాతదాన్ని తీసిన మూడు వారాల దాకా గుడ్లు పొదగేయొద్దు. అంతవరకూ పెట్ట కడుపులో పాతదాని వీర్యం మిగిలి ఉండొచ్చు.