వీఎం బిగుసుకుపోయిందా? నెట్‌వర్క్‌ను తిట్టే ముందు థ్రెడ్లు చూడండి

రొయ్యల చెరువు ఏరియేటర్లకు కంట్రోలర్ తయారుచేసేవాళ్లు ఫర్మ్‌వేర్‌లో మార్పు చేసిన ప్రతిసారీ తెల్లవారుజామున ఆకివీడు, ఉండి ఊళ్ల చెరువు గట్ల మీదికి పరిగెత్తలేరు. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ వేళకే, పరీక్షించాల్సిందీ ఆ వేళనే. అందుకని బోర్డును క్యూఎమ్యూలో, అంటే కంప్యూటర్ లోపల ఇంకో మిషన్‌లా నటించే సాఫ్ట్‌వేర్‌లో, లేపుతారు. అలా నడిచే మిషన్‌నే వీఎం అంటారు. దాని సీరియల్ పోర్టును టీసీపీ సాకెట్‌గా బయటపెట్టి, అవతల డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) సెన్సర్‌లా నటించే పైథాన్ స్క్రిప్టును తగిలిస్తారు. ఏర్పాటు మంచిదే. కానీ వారం తిరక్కుండా భీమవరం ఆఫీసులో ఎవరో ఒకరు కుర్చీ వెనక్కి నెట్టి "వీఎం హ్యాంగైపోయిందండీ" అంటారు.

ఆ మాటతో ఎవరికీ ఏమీ తెలియదు. హ్యాంగ్ అంటే ఏదో ఒక థ్రెడ్ (ప్రోగ్రామ్ లోపల విడిగా నడిచే పని వరుస) దేనికోసమో ఆగి ఉండాలి, లేదా ఆగాల్సిన చోట ఆగకుండా తిరుగుతూ ఉండాలి. ఏ థ్రెడ్డో, ఏ సాకెట్ దగ్గరో తేలితే సగం పని అయినట్టే. తేలకుండా రూటర్ రీస్టార్ట్ చేయడం, ఫైర్‌వాల్ ఆపడం వృథా.

ముందుగా, లోపల ఎవరు ఏం చేస్తారు

క్యూఎమ్యూలో మెయిన్ థ్రెడ్ ఈవెంట్ లూప్ తిప్పుతుంది. సాకెట్లు, టైమర్లు, మానిటర్ (క్యూఎమ్యూకు ఆదేశాలిచ్చే దారి) కమాండ్లు దాని బాధ్యత. గెస్ట్ కోడ్‌ను, అంటే వీఎం లోపలి ఫర్మ్‌వేర్‌ను, నడిపేవి వీసీపీయూ (వీఎం ప్రాసెసర్) థ్రెడ్లు. డిస్క్ పనికి వర్కర్ థ్రెడ్లు, అడిగితే ఐవో థ్రెడ్లు కూడా ఉంటాయి. పరికరాల స్థితిని చాలావరకు ఒకే తాళం కాపాడుతుంది, దాన్ని బీక్యూఎల్ అంటారు. 2024లో వచ్చిన క్యూఎమ్యూ 9.0కి ముందు వెర్షన్లలో బ్యాక్‌ట్రేస్ (థ్రెడ్ ఏ ఫంక్షన్లలో ఉందో చూపే జాబితా) తీస్తే అదే తాళం ఐవోథ్రెడ్ మ్యూటెక్స్ పేరుతో కనిపిస్తుంది. అది చూసి ఐవో థ్రెడ్ల వెంట పడకండి.

మెయిన్ థ్రెడ్ పోల్‌లో (సాకెట్లలో ఏదైనా జరిగేదాకా ఎదురుచూసే కాల్) నిద్రపోయేటప్పుడు తాళం వదిలేస్తుంది, లేవగానే పట్టుకుంటుంది. వీసీపీయూ థ్రెడ్ మామూలుగా తాళం లేకుండానే పరిగెత్తుతుంది, గెస్ట్ ఏదైనా పరికరం రిజిస్టర్‌ను తాకినప్పుడు మాత్రం పట్టుకుంటుంది. సఖినేటిపల్లి రేవులో తిరిగే పంటు ఒక్కటే అయి, అది నడిగోదాట్లో ఆగిపోతే రెండు గట్ల మీదా జనం నిలబడిపోతారు. ఈ తాళం సంగతీ అంతే. పట్టుకున్న థ్రెడ్ ఆగిందంటే మిగతావన్నీ ఆగుతాయి.

ముందు చూడటానికి మూడు పనిముట్లు చాలు. టాప్ కమాండ్ నడుస్తుండగా పెద్ద హెచ్ నొక్కితే థ్రెడ్లు విడివిడిగా కనిపిస్తాయి. అన్నిటికీ ఒకే పేరు ఉంటే, క్యూఎమ్యూను లేపేటప్పుడు నేమ్ ఆప్షన్‌లో డీబగ్ థ్రెడ్స్ ఆన్ చేయండి. జీడీబీ డీబగ్గర్‌తో అటాచ్ అయి అన్ని థ్రెడ్ల బ్యాక్‌ట్రేస్ తీయండి. ఉబుంటులో దీనికి సుడో కావాలి. ఎస్ఎస్ కమాండ్‌తో సాకెట్ల వరుసలు చూడండి. ఈ మూడూ తీసేదాకా ప్రాసెస్‌ను చంపకండి. చంపేస్తే సాక్ష్యమంతా దాంతోపాటే పోతుంది.

వీఎం అసలు మొదలే కాదు, తెర నల్లగా ఉంటుంది

సీరియల్ సాకెట్‌ను సర్వర్‌గా పెట్టి వెయిట్ ఆఫ్ చేయలేదన్నమాట. అలా చెప్పకపోతే మొదటి క్లయింట్ వచ్చేదాకా క్యూఎమ్యూ కదలదు. వెయిట్ ఆఫ్ పెట్టండి. యూనిక్స్ సాకెట్ అయితే పాత్ పొడవు కూడా చూసుకోండి. లినక్స్‌లో దానికి 108 బైట్లే చోటు. ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోయే అలవాటున్నవాళ్లకు ఇది త్వరగానే ఎదురవుతుంది.

స్క్రిప్ట్ కనెక్ట్ అయిందంటుంది, ఒక్క అక్షరం రాదు

కోనసీమలో, పశ్చిమ డెల్టాలో కరెంటు సంగతి తెలిసినవాళ్లకు ఈ రకం బాగా పరిచయం. క్యూఎమ్యూ నడిచే మిషన్‌కి యూపీఎస్ ఉంటుంది. స్క్రిప్ట్ నడిచే డెస్క్‌టాప్‌కి ఉండదు. కరెంటు పోయి వస్తుంది. స్క్రిప్ట్ మళ్లీ వేస్తే కనెక్షన్ ఎర్రర్ లేకుండా కుదురుతుంది, తర్వాత నిశ్శబ్దం.

క్యూఎమ్యూ సీరియల్ సాకెట్ ఒకసారికి ఒక్క క్లయింట్‌నే ఒప్పుకుంటుంది. ఒకరు లోపల ఉన్నంతసేపు కొత్తవాళ్ల కోసం వినే పని ఆపేస్తుంది. కానీ కొత్త కనెక్షన్‌కి చేయి కలిపేది కెర్నల్, క్యూఎమ్యూ కాదు. కెర్నల్ ఆ కనెక్షన్‌ను వరుసలో నిలబెట్టి, మీ స్క్రిప్టుకు "కుదిరింది" అని చెప్పేస్తుంది. ఎస్ఎస్‌లో లిజన్ స్థితిలో ఉన్న సాకెట్ వరుస చూడండి. రిసీవ్ క్యూ కింద సున్నాకు బదులు 1 ఉంటే, గుమ్మం బయట నిలబడి ఉన్నది మీ స్క్రిప్టే.

మరి లోపల ఉన్నదెవరు? కరెంటు పోయినప్పుడు పోయిన పాత కనెక్షన్. డెస్క్‌టాప్ టక్కున ఆగిపోయింది కాబట్టి "వెళ్తున్నా" అనే ప్యాకెట్ పంపలేదు. క్యూఎమ్యూ లెక్కలో అది ఇంకా బతికే ఉంది. గెస్ట్ ఏదైనా రాస్తే సమస్య త్వరగా తీరిపోతుంది. తిరిగి లేచిన డెస్క్‌టాప్ అదే ఐపీతో ఉంటే "ఈ కనెక్షన్ నాకు తెలియదు" అని రీసెట్ పంపుతుంది, క్యూఎమ్యూ పాతదాన్ని వదిలేస్తుంది. డెస్క్‌టాప్ లేవకపోతే లినక్స్ పంపిందే పంపుతూ, మామూలు సెట్టింగుల్లో దాదాపు పావుగంటకు ఆశ వదులుకుంటుంది. గెస్ట్ ఏమీ రాయకుండా సెన్సర్ మాట కోసం ఎదురుచూసే రకమైతేనే చిక్కు. పంపేదేమీ లేదు కాబట్టి తెలిసేదీ లేదు, ఆ సాకెట్ రోజుల తరబడి అలాగే ఉంటుంది. కీప్ అలైవ్ (అవతలివాడు ఉన్నాడా అని పలకరించే ఏర్పాటు) ఉంది కదా అంటారు. సాకెట్ మీద దాన్ని ఆన్ చేస్తేనే అది పనిచేస్తుంది. చేసినా లినక్స్ మొదటి పలకరింపు 7200 సెకన్ల తర్వాతే, అంటే రెండు గంటలకు.

అప్పటికప్పుడు బయటపడాలంటే రూట్‌గా ఎస్ఎస్‌కు పెద్ద కే ఆప్షన్ ఇచ్చి ఆ పాత కనెక్షన్‌ను కోసేయండి. చాలా లినక్స్ కెర్నళ్లలో ఇది పనిచేస్తుంది, గెస్ట్ స్థితి చెక్కుచెదరదు. వీఎం రీస్టార్ట్ చేయడమెందుకు?

శాశ్వతంగా పోవాలంటే సీరియల్ సాకెట్‌ను మిషన్ దాటనివ్వకండి. క్యూఎమ్యూ పక్కనే యూనిక్స్ సాకెట్‌గా ఉంచి, బయటివాళ్ల కోసం అదే మిషన్‌లో సోక్యాట్ (రెండు సాకెట్ల మధ్య డేటాను అటూ ఇటూ పంపే ప్రోగ్రామ్) పెట్టండి. సోక్యాట్ బయటి సాకెట్‌కు కీప్ అలైవ్ ఆన్ చేసి, 30 సెకన్ల మౌనం తర్వాత పలకరింపు, 10 సెకన్లకొకటి చొప్పున 3 సార్లు అని ఇవ్వండి. గెస్ట్ మౌనంగా ఉన్నప్పుడు కూడా అవతలివాడు పోతే నిమిషంలో తెలుస్తుంది. సోక్యాట్ ప్రాసెస్ ముగియగానే యూనిక్స్ సాకెట్‌ను కెర్నల్ మూసేస్తుంది, క్యూఎమ్యూ మళ్లీ తలుపు తెరుస్తుంది. కరెంటు ఎన్నిసార్లు పోయినా ఈ ఏర్పాటుకు ఫరవాలేదు.

ప్రోగ్రామ్‌లు క్యూఎమ్యూకు ఆదేశాలిచ్చే క్యూఎంపీ మానిటర్ సాకెట్‌కూ ఇదే ఒక్క క్లయింట్ నియమం. ఇద్దరికి కావాలంటే రెండు క్యూఎంపీ సాకెట్లు పెట్టుకోవచ్చు. అక్కడ పలకరింపు వచ్చి, తర్వాత ప్రతి కమాండూ తిరస్కరిస్తుంటే కారణం వేరు: ముందుగా కేపబిలిటీస్ కమాండ్ పంపాలి.

బాగా నడుస్తూ నడుస్తూ మొత్తం బిగుసుకుపోతుంది, మానిటర్ కూడా పలకదు

నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువగా తప్పుగా అర్థమయ్యేది ఇదే. కొంతసేపు బాగా నడవడం వల్ల మెమరీ లీక్ అనో, ఫర్మ్‌వేర్ బగ్ అనో అనుమానాలు మొదలవుతాయి.

బ్యాక్‌ట్రేస్ తీస్తే మెయిన్ థ్రెడ్ బీక్యూఎల్ కోసం ఆగి కనిపిస్తుంది. తాళం వీసీపీయూ థ్రెడ్ దగ్గర ఉంటుంది. ఆ థ్రెడ్‌కి ఎస్‌ట్రేస్ (కెర్నల్‌ను పిలిచే కాల్స్ చూపే పనిముట్టు) తగిలిస్తే ఒకటే జంట కాల్స్ తిరుగుతుంటాయి: పంపబోయి "మళ్లీ ప్రయత్నించు" అనే ఈఎగైన్ తెచ్చుకోవడం, చిటికెలో వందో వంతు కూడా కాని కునుకు, మళ్లీ పంపబోవడం.

పీఎల్011 లాంటి సీరియల్ పరికరాల మోడళ్లు ఒక్కో అక్షరాన్ని "మొత్తం వెళ్లేదాకా వదలకు" అనే రైట్ ఆల్ ఫంక్షన్‌తో రాసేవి. అది మొత్తం థ్రెడ్‌ను ఆపేస్తుందని, తిరగరాయాలని ఆ కోడ్‌లోనే ఏళ్ల తరబడి వ్యాఖ్య ఉండేది. అవతల చదివేవాడు చదవడం ఆపితే ముందు వాడి రిసీవ్ బఫర్ నిండుతుంది, తర్వాత మన సెండ్ బఫర్ నిండుతుంది. ఆ రెండూ నిండేదాకా గెస్ట్‌కి ఏమీ తెలియదు. కొంతసేపు బాగా నడిచినట్టు ఉండేది అందుకే. నిండాక పంపే థ్రెడ్ తాళం పట్టుకునే తిరుగుతుంటుంది, పంటు నడిగోదాట్లో ఆగింది. ఎస్ఎస్‌లో క్యూఎమ్యూ వైపు సెండ్ క్యూ, స్క్రిప్ట్ వైపు రిసీవ్ క్యూ పెద్ద అంకెల దగ్గర కదలకుండా ఉంటే ఇక సందేహం లేదు.

స్క్రిప్టు ఎందుకు చదవడం లేదు? ఎక్కువగా చూసేది: ఒకే లూప్‌లో ఆక్సిజన్ అంకె పంపి, 5 సెకన్లు స్లీప్ వేసి, ఒక్క లైను చదివి, మళ్లీ మొదటికి. ఫర్మ్‌వేర్ ఆ 5 సెకన్లలో 50 లైన్ల లాగ్ రాస్తే బాకీ పెరుగుతూనే ఉంటుంది. చదవడానికి వేరే థ్రెడ్ పెట్టండి. వచ్చింది వచ్చినట్టు లాగి హద్దున్న క్యూలో వేయాలి, క్యూ నిండితే పాతది పారేయాలి. లాగ్ మాత్రమే కావాలంటే సాకెట్ ఎందుకు, ఆ పోర్టును ఫైల్‌కు తిప్పేయండి. పరికరం మోడల్ మీరే రాస్తుంటే రైట్ ఆల్ జోలికి పోకండి. మామూలు రైట్ ఎంత వెళ్లిందో చెబుతుంది. మిగిలింది ఫిఫోలో (వచ్చిన వరుసలోనే బయటికి పోయే బఫర్) ఉంచి, సాకెట్ ఖాళీ అయినప్పుడు పిలవమని వాచ్ పెట్టండి.

ఒక కోర్ నూరు శాతం, ఫ్యాన్ హోరు

ముందు ఏ థ్రెడ్డో చూడండి. వీసీపీయూ అయితే బహుశా తప్పేమీ లేదు. ఫర్మ్‌వేర్ ఖాళీగా ఉన్నప్పుడు నిద్రపోయే ఇన్‌స్ట్రక్షన్ వాడకుండా లూప్‌లో తిరిగితే హోస్ట్ (క్యూఎమ్యూ నడిచే అసలు మిషన్) కోర్ మండాల్సిందే. ఫర్మ్‌వేర్‌లో అది పెట్టండి, అసలు బోర్డుకూ మేలు.

మెయిన్ థ్రెడ్ అయితే ఎస్‌ట్రేస్‌లో పోల్ నిద్రపోకుండా వెంటనే తిరిగొస్తుంటుంది. అవతలివాడు వెళ్లిపోయాక పోల్‌హప్ (కనెక్షన్ తెగిందనే సంకేతం) వస్తూనే ఉండొచ్చు, మీరు ఏ ఈవెంటూ అడక్కపోయినా వస్తుంది. చదివితే సున్నా బైట్లు వచ్చిందంటే కనెక్షన్ అయిపోయినట్టు. ముందు హ్యాండ్లర్ తీసేయాలి, తర్వాతే సాకెట్ మూయాలి. తిరగేసి మూస్తే అదే డిస్క్రిప్టర్ నంబరును వేరే థ్రెడ్ కొత్త ఫైల్‌కి తీసుకోవచ్చు, మీ హ్యాండ్లర్ పరాయివాళ్ల డేటా తింటుంది. రైట్ హ్యాండ్లర్ కూడా పంపాల్సింది ఉన్నప్పుడే పెట్టండి. సాకెట్ దాదాపు ఎప్పుడూ రాయడానికి సిద్ధమే కాబట్టి లూప్‌కు నిద్ర ఉండదు.

సొంత థ్రెడ్ పెట్టాక అప్పుడప్పుడు క్రాష్, లేదా మూసేటప్పుడు ఆగిపోవడం

సాకెట్ చదివే పనిని సొంత థ్రెడ్‌కి ఇచ్చి, డేటా రాగానే అక్కడి నుంచే ఇంటరప్ట్ లేపేవాళ్లుంటారు. తాళం లేకుండా పరికరం స్థితిని ముట్టుకున్నట్టే. పది సార్లు నడుస్తుంది, పదకొండోసారి కూలుతుంది. ఆ థ్రెడ్ డేటాను క్యూలో వేసి, బాటమ్ హాఫ్ (మెయిన్ థ్రెడ్ తర్వాత నడిపే చిన్న పని) షెడ్యూల్ చేసి ఊరుకోవాలి. అది ఏ థ్రెడ్ నుంచైనా పిలవదగ్గది. మిగతా పని మెయిన్ థ్రెడ్ తన వంతులో చేస్తుంది.

మూసేటప్పుడు ఆగిపోతే బ్యాక్‌ట్రేస్‌లో రెండు చోట్లు చూడండి. మెయిన్ థ్రెడ్ తాళంతో జాయిన్‌లో (మీ థ్రెడ్ ముగిసేదాకా ఎదురుచూసే కాల్) కూర్చుని ఉంటుంది, మీ థ్రెడ్ ఆ తాళం కోసమే ఎదురుచూస్తుంటుంది. పైగా మీ థ్రెడ్ రిసీవ్‌లో నిద్రపోతుంటే సాకెట్ క్లోజ్ చేసినా లేవదు. షట్‌డౌన్ పిలవండి, లేస్తుంది.

ఆక్సిజన్ 4.8 ఉంటే ఫర్మ్‌వేర్ 4 అంటుంది

ఏరియేటర్లు అకారణంగా ఆన్ అవుతాయి. టీసీపీకి లైన్లు తెలియవు, బైట్లే తెలుసు. "4" ఒక రిసీవ్‌లో, ".8" తర్వాతి రిసీవ్‌లో రావచ్చు. లైన్ చివరి గుర్తు వచ్చేదాకా పోగేసి, అప్పుడే అంకెగా మార్చండి. "నా మిషన్‌లో ఎప్పుడూ రాలేదండీ" అనేది జవాబు కాదు. లూప్‌బ్యాక్‌లో అరుదు, వైఫై మీద ఎప్పుడైనా రావచ్చు.

లినక్స్‌లో బాగుంది, ల్యాబ్‌లోని విండోస్ మిషన్లలో డేటా నిలిచిపోతుంది

విన్‌సాక్ (విండోస్ సాకెట్ల లైబ్రరీ) ఈవెంట్లు పోల్ లాంటివి కావు. "రాయవచ్చు" అనే ఈవెంట్ కనెక్ట్ అయినప్పుడు ఒకసారి వస్తుంది. ఆ తర్వాత పంపబోయి 10035 ఎర్రర్ తగిలి, మళ్లీ చోటు దొరికినప్పుడే వస్తుంది. దానికోసం ఊరికే ఎదురుచూస్తే రాదు. ముందు పంపండి, ఆ ఎర్రర్ వస్తేనే ఆగండి. ఒక సాకెట్‌కి ఈవెంట్ సెలెక్ట్ రెండోసారి పిలిస్తే మొదటిది రద్దవుతుంది. చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి అని రెండు ఈవెంట్లు పెట్టినవాళ్ల కోడ్‌లో చదవడం ఆగిపోయేది ఇందుకే. రెండింటినీ ఒకే పిలుపులో అడగండి. ఒకేసారి ఎదురుచూడగల హ్యాండిళ్లు 64 మాత్రమే. చెరువుకో సాకెట్ చొప్పున పెంచుకుంటూ పోయే పథకం ఉంటే అది ఇప్పుడే గుర్తుపెట్టుకుని, ఆ సాకెట్లను కొన్ని థ్రెడ్లకు పంచండి.