కార్గో పైలటా, ప్యాసింజర్ పైలటా? సంతకం పెట్టే ముందు ఇలా లెక్క చూసుకోండి

ఈ రెండింటిలో ఒకటి ఎంచుకునేటప్పుడు చాలామంది విమానం మోడల్, జీతం చూస్తారు. ముందు చూడాల్సింది రోస్టర్, అంటే ఏ రోజు ఏ వేళ డ్యూటీయో చెప్పే పట్టిక. పైలట్ జీవితం ఎలా ఉంటుందో తేల్చేది అదే.

1. ఏ కార్గో అన్నది తేల్చుకోండి

కార్గో అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు ఉద్యోగాలున్నాయి. మొదటిది ఎక్స్‌ప్రెస్, అంటే పార్సిళ్లను వేగంగా చేర్చే సంస్థలు. ఫెడెక్స్‌కు మెంఫిస్, యూపీఎస్‌కు లూయీవిల్, డీహెచ్ఎల్‌కు లైప్‌జిగ్ పెద్ద హబ్‌లు, అంటే సరుకంతా ఒకచోట చేర్చి వేరుచేసే కేంద్రాలు. పార్సిళ్లు రాత్రికి రాత్రి చేరాలి కాబట్టి ఎక్కువ పని రాత్రిపూటే. రెండోది దూరప్రయాణాల కార్గో. కార్గోలక్స్, అట్లాస్ ఎయిర్ లాంటి సంస్థల్లో 747, 777 సరుకు విమానాలు ఖండాలు దాటి తిరుగుతాయి. ఒకసారి ఇల్లు వదిలితే రెండు వారాలు పట్టొచ్చు. మూడోది ఫీడర్. కారవాన్, ఏటీఆర్ లాంటి చిన్న విమానాల్లో ఊళ్ల నుంచి హబ్‌కు సరుకు చేరవేయడం. ఈ మూడింటి మధ్య ఉన్నంత తేడా కార్గోకూ ప్యాసింజర్‌కూ మధ్య కూడా ఉండదు.

2. అందరికంటే జూనియర్ ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) రోస్టర్ సంపాదించండి

చేరగానే మీకు వచ్చేది అదే, సీనియర్ కెప్టెన్ రోస్టర్ కాదు. మూడు నెలలవి అడగండి, అందులో ఒకటి డిసెంబర్‌ది అయ్యుండాలి. ఎక్స్‌ప్రెస్ కంపెనీలకు రద్దీ అప్పుడే. తర్వాత ప్రతి డ్యూటీ దగ్గర రెండు విషయాలు గుర్తు పెట్టండి: తెల్లవారుజామున 2 నుంచి 6 గంటల మధ్య మెలకువగా ఉండాల్సి వచ్చిందా, ఆ రోజు నిద్ర ఎన్నింటికి మొదలవుతుంది.

ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి దాదాపు ఇలా నడుస్తుంది. సాయంత్రం 8కి రిపోర్టింగ్, 9:30కి టేకాఫ్, 11:30కి హబ్‌లో ల్యాండింగ్. అక్కడ సరుకు దించి, వేరు చేసి, మళ్లీ ఎక్కించేదాకా పైలట్‌కు పని లేదు. పడుకోవడానికి గది ఉంటే గంటన్నర కునుకు దొరుకుతుంది. 3:30కి మళ్లీ విమానం దగ్గరికి, 4:15కి టేకాఫ్, 6:30కి ల్యాండింగ్, 7:30కి హోటల్. 8:30కి నిద్రపట్టినా మధ్యాహ్నం ఒంటిగంటకల్లా చాలామందికి మెలకువ వచ్చేస్తుంది. కర్టెన్లు ఎంత మందంగా ఉన్నా సరే, పగలు శరీరం మేల్కొనే దశలో ఉంటుంది. మొదటి రాత్రి నెట్టుకొచ్చేయొచ్చు. మూడో, నాలుగో రాత్రికి నిద్ర బాకీ పేరుకుని ఏకాగ్రత దెబ్బతింటుంది. సెలవు రోజుల్లో ఇంట్లోవాళ్లతో పాటు పగలు మేలుకుని రాత్రి పడుకుంటే, మళ్లీ డ్యూటీకి వెళ్లేసరికి కథ మొదటికొస్తుంది. శరీర గడియారం రోజుకు సుమారు గంట మాత్రమే జరుగుతుంది.

ఇది ఒంటి నొప్పులతో పోయే విషయం కాదు. 2013 ఆగస్టు 14న తెల్లవారకముందే అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో యూపీఎస్ విమానం కూలి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. దర్యాప్తు సంస్థ చెప్పిన కారణాల్లో అలసట ఒకటి. డ్యూటీ లేని సమయంలో తగినంత నిద్రపోకపోవడాన్ని కూడా అది ప్రస్తావించింది.

అలాగని ప్యాసింజర్ రోస్టర్ హాయిగా ఉంటుందనుకోవద్దు. ఉదయం 4:30 రిపోర్టింగ్ అంటే 2:30కి లేవడమే, ఆపైన రోజుకు నాలుగు సెక్టార్లు (ఒక టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా ఒక సెక్టార్). ఒక్కోసారి అదే వారంలో అర్ధరాత్రి ల్యాండింగ్ కూడా ఉంటుంది. రెండు రోస్టర్లనూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకుని చూడండి.

అమెరికాలో అయితే ఇంకో ప్రశ్న అడగాలి. 2014 జనవరిలో అమల్లోకి వచ్చిన కొత్త డ్యూటీ, విశ్రాంతి నిబంధనలు ప్యాసింజర్ విమానాలకే తప్పనిసరి. కార్గోను మినహాయించారు. కాబట్టి ఆ కంపెనీలో విశ్రాంతి గంటలు ఏ నిబంధన ప్రకారం, ఏ ఒప్పందం ప్రకారం ఇస్తారో రాతపూర్వకంగా తెలుసుకోండి.

3. ఐదు రాత్రులు మీ శరీరాన్ని పరీక్షించుకోండి

పైన చెప్పిన వేళల ప్రకారం ఐదు రోజులు గడపండి. పగటి నిద్ర వరుసగా ఐదు గంటలు కూడా పట్టకపోతే ఎక్స్‌ప్రెస్ గురించి మరోసారి ఆలోచించాలి. గట్టిగా గురక పెట్టేవారు ముందే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోయే సమస్య) పరీక్ష చేయించుకోవడం మంచిది. చికిత్స లేకుండా వదిలేస్తే మెడికల్ సర్టిఫికెట్‌కే ఎసరు.

4. జీతాన్ని ఇంటికి దూరంగా గడిపే రాత్రులతో భాగించండి

గంట రేటు ఒక్కటే చూస్తే బోల్తా పడతారు. నెలకు గ్యారంటీ గంటలు, అంటే ఎగరకపోయినా జీతం ఇచ్చే గంటలు ఎన్నో అడిగి, వాటిని బయట గడిపే రాత్రులతో భాగించండి. ఒకచోట 70 గంటలు, 12 రాత్రులు. ఇంకోచోట 75 గంటలు, 17 రాత్రులు. గంట రేటు సమానమైతే మొదటిచోట ఒక్కో రాత్రికి 5.8 గంటల జీతం, రెండోచోట 4.4 గంటలే. బేస్ (డ్యూటీ మొదలయ్యే ఎయిర్‌పోర్టు) దాకా సొంత ఖర్చుతో వెళ్లాల్సి వస్తే ఆ రోజుల్ని కూడా కలపండి. కొన్ని దూరప్రయాణ కార్గో సంస్థలు మీ ఊరి ఎయిర్‌పోర్టు నుంచే టికెట్ ఇస్తాయి, ఇది చిన్న లాభం కాదు. కుటుంబానికి స్టాండ్‌బై టికెట్ల (సీటు ఖాళీ ఉంటేనే ఎక్కనిచ్చేవి) సౌకర్యంలో మాత్రం ప్యాసింజర్ ఎయిర్‌లైన్లదే పైచేయి.

5. లాగ్‌బుక్ (ఎగిరిన గంటల లెక్క) ఎటు వెళ్తోందో చూడండి

కారవాన్‌లో ఒంటరిగా ఎన్ని వేల గంటలు ఎగిరినా మల్టీ క్రూ అనుభవం, అంటే ఇద్దరు పైలట్లు కలిసి నడిపే అనుభవం రాదు. యూరప్ ఏటీపీఎల్‌కు (ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సు) కావలసిన 1500 గంటల్లో 500 మల్టీ పైలట్ విధానంలోనే ఉండాలి. ఫీడర్‌లో చేరేవారు ఇద్దరు పైలట్ల విమానానికి ఎప్పుడు మారుస్తారో ముందే అడగాలి. నలుగురు పైలట్లతో నడిచే సుదూర విమానాల్లో గంటలు బాగానే పెరుగుతాయి కానీ చేతికి ల్యాండింగులు తక్కువ. 90 రోజుల్లో తప్పనిసరిగా చేయాల్సిన మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగుల కోసం సిమ్యులేటర్‌కు పోవాల్సిన పరిస్థితి రావచ్చు.

"ముందు కార్గోలో చేరదాం, తర్వాత మారదాం" అనుకునేవారు సీనియారిటీని మరిచిపోతారు. చాలా కంపెనీల్లో కొత్తగా చేరితే జాబితాలో అట్టడుగు నుంచే మొదలు. అంతర్జాతీయ వాణిజ్య విమానాల్లో 65 ఏళ్ల దాకానే ఎగరగలం కాబట్టి 40లలో మారడం ఖరీదైన నిర్ణయం.

6. వ్యాపారం దేని మీద నిలబడిందో అడగండి

2020లో ప్రయాణికుల విమానాలు నేల మీదే ఉండిపోయాయి. వాటి కింది అరల్లో వెళ్లే సరుకంతా కార్గో విమానాలకు మళ్లింది. 2022 తర్వాత ఆ ఊపు తగ్గింది. 2024లో అమెరికా తపాలా శాఖ విమాన సరుకు రవాణా కాంట్రాక్టు ఫెడెక్స్ నుంచి ప్రధానంగా యూపీఎస్‌కు వెళ్లింది. ఒకే పెద్ద కస్టమర్ మీద నడిచే చిన్న కార్గో కంపెనీ అయితే ఆ కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉందో తెలుసుకోకుండా చేరొద్దు.

7. సరుకు ప్రమాదాన్ని తక్కువ అంచనా వేయొద్దు

సరుకు విమానం పై అంతస్తులో మంటలార్పే వాయువు చాలా రకాల్లో ఉండదు. గాలి సరఫరా తగ్గించి, లోపలి పీడనం వదిలేసి మంటను అదుపు చేయాలి. లిథియం బ్యాటరీలకు అది చాలకపోవచ్చు. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్‌లో యూపీఎస్ 747 అలాంటి సరుకున్న చోట మంటలు లేచి కూలింది. 2013 ఏప్రిల్ 29న అఫ్గానిస్తాన్‌లోని బగ్రామ్‌లో మరో 747లో బిగించిన సైనిక వాహనాల్లో కనీసం ఒకటి టేకాఫ్‌లో ఊడిపోయి ఏడుగురు మరణించారు. పొగ నిండిన కాక్‌పిట్‌లో సిమ్యులేటర్ శిక్షణ ఎంత తరచుగా ఇస్తారు, బరువైన సరుకు బిగింపును లోడ్‌మాస్టర్ (సరుకు ఎక్కింపు చూసే ఉద్యోగి) తర్వాత ఎవరు సరిచూస్తారు అని ఇంటర్వ్యూలోనే అడగండి. సూటిగా జవాబు రాకపోతే అదే జవాబు అనుకోండి.

చివరగా బాండ్ పత్రం, అంటే ఇన్నేళ్లు మానేయనని రాసిచ్చే ఒప్పందం. టైప్ రేటింగ్ (ఒక్కో విమాన రకానికి ఇచ్చే శిక్షణ, అర్హత) ఖర్చు కింద ఎంత మొత్తం, ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే బాకీ నెలనెలా తగ్గుతుందా, చివరి రోజు దాకా పూర్తిగా కట్టాలా, కంపెనీయే తీసేస్తే పరిస్థితి ఏమిటి అన్నవి చదివి, అర్థం కాని వాక్యాన్ని వకీలుకు చూపించి అప్పుడు సంతకం పెట్టండి.