విండోస్ 11 వేయించాలా, లైనక్స్‌కి పోవాలా? ముందు ప్రింటర్ పేరు చూడండి

విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేశామని మైక్రోసాఫ్ట్ చెప్పినప్పటి నుంచి నల్లగొండలో పాత ల్యాప్‌టాప్ ఉన్న ప్రతివాళ్లదీ ఒకటే టెన్షన్. విండోస్ 11 పడుతుందా, విండోస్ బదులు వేసుకునే ఇంకో ఓఎస్ (సిస్టమ్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్) లైనక్స్ వేయించాలా, అప్పో సప్పో చేసి మ్యాక్ కొనాలా? ఏది ఫాస్ట్, ఏది సేఫ్ అని యూట్యూబ్‌లో జరిగే లొల్లి జర పక్కన పెట్టి, ఒక కాగితం మీద రెండే రాయండి: ఏ సాఫ్ట్‌వేర్ లేకపోతే మీ పని ఆగుతుంది, సిస్టమ్‌కి ఏమేం తగిలించి ఉన్నాయి.

మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు రాసేవాళ్లకు మొదట వచ్చే మాట ట్యాలీ. అది విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్. విండోస్ సాఫ్ట్‌వేర్‌ని నడిపించే వైన్ అనే ప్రోగ్రామ్ పెట్టి లైనక్స్‌లో నడిపిస్తామనేవాళ్లు ఉంటారు గానీ, జీఎస్టీ రిటర్న్ వేయాల్సిన రోజు అది తెరుచుకోకపోతే ఎవరిని అడుగుతారు? డిజిటల్ సంతకం టోకెన్, వేలిముద్ర మిషన్ వాడేవాళ్లదీ ఇదే కథ, విండోస్‌లోనే ఉండండి. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ వాళ్లకైతే చెప్పేదే లేదు, అను ఫాంట్లు యూనికోడ్ (ఎక్కడైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు కాబట్టి ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో చేసిన ఫైళ్లన్నీ ఆ ఫాంట్లు లేనిచోట పిచ్చి గీతల్లా కనిపిస్తాయి.

ఇక ప్రింటర్. మన దగ్గర జిరాక్స్ షాపుల్లో ఎక్కువగా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 గట్టి మిషనే, కానీ అది క్యాప్ట్ అనే క్యానన్ సొంత పద్ధతిలో పనిచేస్తుంది, లైనక్స్‌లో దాన్ని నడిపించడం పెద్ద కిరికిరి. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు కేబుల్ పెట్టగానే దొరికేస్తాయి. అందుకే ఓఎస్ సంగతి తేల్చుకునే ముందు ప్రింటర్ మీద రాసున్న మోడల్ నంబర్ చూడమంటాను, దీన్ని పట్టించుకునేవాళ్లే తక్కువ.

విండోస్ తప్పదని తేలితే మీ సిస్టమ్‌కి 11 పడుతుందో లేదో చూడాలి. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి టీపీఎం.ఎంఎస్‌సీ అని ఇంగ్లిష్‌లో కొట్టండి, టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ వివరం వస్తుంది, అందులో వర్షన్ 2.0 అని ఉండాలి. ప్రాసెసర్ కూడా చూడండి: ఐ5-7200యూ అంటే ఏడో తరం, ఐ5-8250యూ అంటే ఎనిమిదోది. ఇంటెల్‌లో కొద్దిపాటి మినహాయింపులు తప్ప ఎనిమిది నుంచే ఒప్పుకుంటారు. ర్యామ్ 4 జీబీ చాలని రాస్తారు, దాంతో క్రోమ్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే మీకే తెలుస్తుంది. 8 జీబీ, హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ ఉంటేనే మంచిగుంటుంది. చెకింగ్ దాటించి పాత సిస్టమ్‌లో కూడా 11 ఎక్కించి ఇచ్చే షాపులున్నాయి, కానీ అలాంటివాటికి అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. క్రాక్ చేసిన విండోస్ మాత్రం బ్యాంకు పనులు చేసే సిస్టమ్‌లో అసలు పెట్టించకండి, ఆ క్రాక్ ఫైల్లో ఇంకేం ఉందో వేసినవాడికి కూడా తెలియదు.

కాగితం మీద ట్యాలీ, టోకెన్ లాంటివేవీ రాకుండా బ్రౌజర్, వీడియోలు, రెజ్యూమె, టీజీ ఈఏపీసెట్ అప్లికేషన్, కాస్త కోడింగ్ మాత్రమే ఉంటే లైనక్స్ మింట్ వేసుకోండి, పైసా ఖర్చు లేదు. విండోస్ అలవాటైన చేతికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది అదే, 4 జీబీ ర్యామ్ ఉంటే దాంట్లోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన రకం తీసుకోండి. డిస్క్ జోలికి పోకముందే 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్‌ని రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో రాసి, సిస్టమ్ ఆన్ చేయగానే డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కి పెన్‌డ్రైవ్ నుంచే తెరిచి చూడండి. వైఫై, సౌండ్, కెమెరా, ప్రింట్, అన్నీ ఒక్కొక్కటి పరీక్షించండి. స్పీడ్ మాత్రం అప్పుడే తేల్చకండి, పెన్‌డ్రైవ్ మీద నడుస్తోంది కాబట్టి నత్తనడకలాగే ఉంటుంది. తెలుగు టైపింగ్‌కి ఇన్‌పుట్ మెథడ్‌లో ఐబస్ అనే టూల్ పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ వస్తుంది. మింట్‌తో పాటే వచ్చే లిబ్రేఆఫీస్‌లో వర్డ్ ఫైళ్లు తెరుచుకుంటాయి గానీ టేబుళ్లు అక్కడక్కడా జరుగుతాయి, రెజ్యూమె పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి.

మ్యాక్ మంచిదే, ఎం1 చిప్ వచ్చాక బ్యాటరీ విషయంలో దానికి తిరుగులేదు. కానీ ఆ చిప్‌ల మీద మ్యాక్‌లో విండోస్ వేసే బూట్ క్యాంప్ లేదు కాబట్టి ట్యాలీ కోసం ఇంకో సిస్టమ్ ఎలాగూ ఉండాల్సిందే. గూగుల్ వాళ్ల క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ అనే ఇంకో ఓఎస్ ఇంట్లో పెద్దవాళ్లకు బ్రౌజర్ ఒక్కటే చాలనుకుంటే సరిపోతుంది, అందులో ప్లే స్టోర్ రాదని గుర్తుంచుకోండి.

ఏది వేసినా సరే, ఫార్మాట్ కొట్టించే ముందు ఫొటోలు, ట్యాలీ డేటా వేరే డిస్క్‌లోకి తీసుకోండి, షాపువాడు తీస్తాడులే అని వదిలేయకండి. విండోస్ పక్కనే లైనక్స్ పెట్టుకోవాలనుకుంటే ఇంకొక పని: కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం మీకు తెలియకుండానే పడి ఉండొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి పోయి ఆ 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకున్నాకే బయోస్‌లో (విండోస్ తెరుచుకోకముందే వచ్చే సెట్టింగ్‌లలో) చెయ్యి పెట్టండి.