వెనుక చక్రం పంక్చర్లు ఇలా ఆగాయి

కోరాపుట్‌లో మా రోడ్ సైక్లింగ్ జట్టు వారం రోజుల శిక్షణ శిబిరం. జయపురం నుంచి 26వ జాతీయ రహదారి ఘాట్ ఎక్కుతుంటే నా వెనుక చక్రంలో పదేపదే గాలి దిగిపోయేది. టైరు లోపల వేళ్లతో తడిమినా ముల్లు తగల్లేదు. శిబిరంలో వంట చేసే రాయగడ పెద్దాయన బకెట్ తెచ్చి, "ముందు ట్యూబు నీళ్లలో ముంచండి బాబూ" అన్నారు. బుడగలు ట్యూబులో రిమ్ముకు ఆనే వైపు నుంచి వచ్చాయి! ముల్లైతే టైరుకు ఆనే వైపు చిల్లు పడేది. అంటే ముల్లు కోసం వెతకడమే దండగ.

లోపల స్పోకు రంధ్రాలను కప్పి ఉంచే పట్టీ, అంటే రిమ్ టేపు, పక్కకు జరిగి, ఒక స్పోకు రంధ్రం అంచు నెలవంకలా బయటపడింది. 90 పి.ఎస్.ఐ. గాలి ఒత్తిడికి ట్యూబు అందులోకి ఉబ్బి కోసుకుపోతోంది. పాత టేపు పీకి, రిమ్ము పొడిగా తుడిచి, రంధ్రాలన్నీ కప్పేంత వెడల్పున్న కొత్త టేపును బిగువుగా లాగి అంటించాను. ఈ బిగువే ముఖ్యం. వదులుగా ఉంటే టేపు మళ్లీ జరుగుతుంది. శిబిరం ముగిసేదాకా ఆ చక్రం విప్పే పని పడలేదు.